మేస్త్రీగారి ముందు 'పాడైంది' అనకూడదు

పరాయి దేశంలో టాక్సీ దిగేటప్పుడు డ్రైవరు "కార్డు మిషన్ పాడైందండీ, నోట్లు ఇవ్వండి" అంటే జనం రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. మెతకవాళ్ళు గొణుక్కుంటూ నోట్లు తీసి ఇస్తారు. గట్టివాళ్ళు పోట్లాడి, ఆ తరవాత గొణుక్కుంటూ నోట్లు తీసి ఇస్తారు. మేస్త్రీగారు ఈ రెండు జాతుల్లోనూ చేరరు. ఆయన ముందుకు వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకొని, చెయ్యి చాపి, "అయ్యో, పాడైందా? ఏదీ, ఇలా ఇవ్వు నాయనా" అంటారు.

అంతే. ఆ తరవాత ఆ డ్రైవరును దేవుడు కూడా కాపాడలేడు.

మేస్త్రీగారి చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు. ఒక లేత్ షెడ్డులో ఇనప రజను ఊడవడానికి చేరి, చూసి చూసి పని నేర్చుకొని, నలభై దాటేసరికి సొంతంగా వర్క్‌షాపు పెట్టారు. సీసాలకు మూతలు బిగించే మిషన్లు తయారుచేస్తారక్కడ. పదకొండుమంది పనివాళ్ళు. ఆయనకు మాటల మీద పెద్ద గౌరవం లేదు. "మాటకేముంది, నోరు తెరిస్తే వస్తుంది. ఒక మర కొయ్యమను, అప్పుడు తెలుస్తుంది" అంటారు. కానీ ఒక్క మాట ఎక్కడ వినబడ్డా ఆయన ప్రాణం అటే లాగేస్తుంది. ఆ మాట 'పాడైంది'.

ఒకసారి బ్యాంకులో గుమస్తా "సర్వర్ పాడైంది, రేపు రండి" అంటే వరసలో ఉన్నవాళ్ళంతా ఇళ్ళకు పోయారు. మేస్త్రీగారు పక్క తలుపులోంచి లోపలికెళ్ళి, "ఏదమ్మా, ఎక్కడుందా సర్వరు? నిచ్చెన ఏమైనా కావాలా?" అన్నారు. ఇంకోసారి పళ్ళ డాక్టరు కుర్చీ సగంలో ఆగిపోయి పైకి లేవనంది. నోట్లో దూది, మెళ్ళో ప్లాస్టిక్ గుడ్డతో ఆయన కిందికి దిగి, కుర్చీ అడుగున దూరారు. కుర్చీ లేచింది గాని, ఆయన పన్ను సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఇంట్లోవాళ్ళు ఆయన ముందు ఆ మాట అనడం ఎప్పుడో మానేశారు. మిక్సీ తిరక్కపోతే ఆయన భార్య కూతురితో గుసగుసగా, "ఇవాళ దీనికి మనసు బాగాలేదే" అంటుంది. అయినా ఆయన పక్కగదిలోంచి లేచొచ్చేస్తారు.

ఇన్ని తెలిసీ అల్లుడు ఆయన్ని పరాయి దేశం తీసుకెళ్ళాడంటే వేరే గతిలేకనే. వర్క్‌షాపు మిషన్లు కొనే పెద్ద కంపెనీ మూతపడింది. ఈ నెలాఖరులోగా కొత్త ఆర్డరు రాకపోతే పదకొండుమందిలో ఆరుగుర్ని ఇంటికి పంపించాలి. ఆ ఆరుగురి పేర్లు రాయమని లెక్కలు చూసే భార్య, అంటే మేస్త్రీగారి అమ్మాయి, కాగితం చేతికిస్తే అల్లుడు మూడు రోజులు పెన్ను మూత తియ్యలేకపోయాడు. చివరికి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, పరాయి దేశంలో మూడు ఫ్యాక్టరీలకు ఉత్తరాలు రాశాడు. మూడూ రమ్మన్నాయి. తొమ్మిది రోజులు, మూడు ఊళ్ళు, చెక్కపెట్టెలో ఇరవై రెండు కిలోల నమూనా మిషను. మాట అల్లుడిది, పని మామగారిది.

బయల్దేరేముందు అమ్మాయి కార్డు చేతికిచ్చి చెప్పింది: "టాక్సీలకు దీంతోనే కట్టండి. విమానాశ్రయంలో నోట్లు మార్చారంటే ఆ కౌంటరువాడు సగం మింగేస్తాడు. ఇంకొకటి, నాన్న చేతికి పనిముట్ల సంచి ఇవ్వకండి."

"ఎలా ఆపను?"

"అది నన్నడిగితే? ముప్పై ఏళ్ళుగా మా అమ్మకే తెలీలేదు."

పనిముట్ల సంచి అరచేతి వెడల్పున చుట్టచుట్టే తోలుముక్క. విమానంలో చేతిలో పట్టుకోనివ్వరని సామానులో వేశారు. దిగాక పెట్టె తెరిచి మేస్త్రీగారు మొదట బయటికి తీసింది దాన్నే.

మొదటి టాక్సీ డ్రైవరు బంగారంలాంటి మనిషి. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. అల్లుడికి ఇంగ్లీషు వచ్చు, డ్రైవరుకు టాక్సీకి సరిపడా ఇంగ్లీషు వచ్చు, మేస్త్రీగారికి తెలుగు వచ్చు. మూడింటిలోకీ బాగా పనిచేసింది తెలుగే. హోటలు ముందు బండి ఆగాక డ్రైవరు నవ్వు కాస్త తగ్గించి, "సారీ సార్, కార్డు మిషన్ పాడైంది. నోట్లేనండి" అన్నాడు.

అల్లుడు అనువాదం చెయ్యలేదు. అక్కర్లేకపోయింది. ఆ మాట ఏ భాషలో అన్నా మేస్త్రీగారికి తెలిసిపోతుంది. "ఏదీ, ఇలా ఇవ్వు నాయనా."

డ్రైవరు మిషన్ను గట్టిగా పొట్టకు హత్తుకున్నాడు. మేస్త్రీగారు చంటిపిల్లను అందుకున్నట్టు మెల్లగా అందుకున్నారు. తోలుచుట్ట ఒళ్ళో పరుచుకుంది. వెనకవైపు చూశారు, పక్కన చూశారు, బ్యాటరీ తీసి వాసన చూశారు, దూదితో తుడిచారు, మళ్ళీ పెట్టారు. పక్కనున్న బటను నొక్కారు. మిషన్ నీలంగా వెలిగి, కూనిరాగం తీసింది.

"చూశావా? కాస్త దుమ్ము. నీ తప్పేం లేదు. ఎండలో పెట్టకు."

డ్రైవరు మిషను వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. చేసేది లేక కార్డు అందుకున్నాడు.

గదిలోకి వెళ్ళగానే అల్లుడు అందుకున్నాడు. "మామయ్యా, అది పాడవలేదు. ఆపేసి ఉంచాడంతే. వాడికి నోట్లు కావాలి. పచ్చి అబద్ధం!"

"దుమ్ముందిగా."

"దుమ్ము నా మొహాన కూడా ఉంది! నేను పనిచెయ్యట్లేదా?"

గదిలో పంపు చుక్కచుక్కగా కారుతోంది. మేస్త్రీగారు అప్పటికే అటు నడిచారు.

రెండో డ్రైవరు తెలివైనవాడు. మిషన్ డిక్కీలో అడుగున ఎక్కడో ఉందన్నాడు. అందులోనూ పాడైపోయిందన్నాడు. మేస్త్రీగారు దిగి, చొక్కా చేతులు మడిచి, డిక్కీలోంచి తమ సామాను, అతని సామాను, స్టెప్నీ టైరు, జాకీ, రెండు గొడుగులు, ఒక ఒంటి చెప్పు బయటికి తీసి రోడ్డు మీద వరసగా పెట్టించారు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. ఆ చప్పుడు పడలేక డ్రైవరు చేతులు జోడించాడు. "బాబూ, మిషను నా సీటు కింద ఉంది. పనిచేస్తుంది. ఇప్పుడే బాగైంది!"

"దానంతటదే బాగైందంటే నమ్మకూడదు, మళ్ళీ తిరగబెడుతుంది. ఒకసారి చూడనీ" అని మేస్త్రీగారు అరగంట చూశారు. పోతూ పోతూ జాకీకి నూనె కూడా వేశారు.

రెండో ఊళ్ళో నాలుగు రోజులున్నారు. మూడో రోజుకల్లా హోటలు దగ్గరి టాక్సీ స్టాండులో ఆయన కీర్తి పాకిపోయింది. ఆయన మెట్లు దిగుతుంటే చాలు, వరసలో ఉన్న డ్రైవర్లంతా కిటికీల్లోంచి చేతులు చాపి, వెలుగుతున్న కార్డు మిషన్లు పైకెత్తి చూపించేవారు. మేస్త్రీగారు వాటిని ఆప్యాయంగా చూసి, "ఈ ఊళ్ళో మిషన్లను బాగా చూసుకుంటారు అల్లుడూ" అనేవారు.

టాక్సీల దగ్గర ఇలా గెలుస్తుంటే ఫ్యాక్టరీల దగ్గర ఓడిపోతున్నారు. మొదటిచోట నున్నటి బల్ల మీద నమూనా పెట్టి, అల్లుడు తెర మీద బొమ్మలు చూపించి, గంటసేపు దంచాడు. అక్కడి ఇంజినీరు అన్నీ విని, "ఇది పాడైతే?" అన్నాడు. "మా మిషన్ పాడవదు సార్!" అని అల్లుడు బల్ల గుద్ది చెప్పాడు. ఇంజినీరు నోటుపుస్తకం మూసేశాడు. రెండోచోట బల్ల ఇంకా నున్నగా ఉంది, అల్లుడు ఇంకా గట్టిగా గుద్దాడు. అక్కడా అంతే.

ఇక మిగిలింది ఒక్కటి. మూడో ఊరు, ఆఖరి రోజు, పొద్దున పదింటికి. అక్కడి మేనేజరమ్మ ముందే రాసింది: పదకొండింటికి తను ఊరెళుతోంది, ఇంకో కంపెనీ కాగితాలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి, ఆలస్యమైతే రావద్దు.

ఆ రోజు టాక్సీలో ఏ మరమ్మతూ జరగనివ్వకూడదని అల్లుడు కంకణం కట్టుకున్నాడు. ముందురోజే మామగారికి తెలియకుండా ఏటీఎంలో నోట్లు తీశాడు. ఆ ఏటీఎం తన వాటా తను కోసుకుంది. ఇంటి దగ్గర అమ్మాయి చేత తిట్లు తినడానికి కూడా సిద్ధపడ్డాడు. డ్రైవరు నోరు తెరవక ముందే నోట్లు చేతిలో పెట్టాలి. అదీ పథకం.

హోటలు ముందు ఒకటే టాక్సీ ఉంది. వీళ్ళ ముందు ఇద్దరు కిటికీలోంచి ఏదో అడిగి, విసుక్కుంటూ వెళ్ళిపోయారు. డ్రైవరు నడివయసు దాటిన ఆవిడ. నెరిసిన జుట్టు గట్టిగా ముడేసుకుంది. వీళ్ళు డోరు మీద చెయ్యి వెయ్యగానే చెప్పేసింది: "ముందే చెబుతున్నానండి. కార్డు మిషన్ పాడైంది. నోట్లుంటేనే ఎక్కండి."

"ఉన్నాయి, ఉన్నాయి" అని అల్లుడు పెట్టె లోపలికి తోసేశాడు.

"ఏమంటోంది?" అన్నారు మేస్త్రీగారు.

"బాగున్నారా అంటోంది మామయ్యా."

"బాగున్నానమ్మా. నువ్వెలా ఉన్నావు?" అన్నారాయన, సీట్లో సర్దుకుంటూ.

ఆవిడకు ఏమర్థమైందో, "ఏం చెప్పను" అన్నట్టు భుజాలెగరేసి బండి తీసింది. డ్రైవరు సీటు పక్కన కార్డు మిషను ఉంది. దాని నడుముకు రెండు రబ్బరు బ్యాండ్లు, కింద మడతపెట్టిన శుభ్రమైన గుడ్డ. చిన్న పచ్చలైటు వెలుగుతోంది. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర బండి ఎగిరిపడింది. లైటు ఆరిపోయింది. ఆవిడ బటను నొక్కింది, వెలిగింది. రెండో గతుకు. మళ్ళీ ఆరింది.

వెనక సీట్లో మేస్త్రీగారి వీపు నిటారైంది.

"అల్లుడూ."

"చెప్పండి మామయ్యా."

"ఆవిడ బాగున్నారా అనలేదు."

"మామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు పెట్టె పట్టుకో, మళ్ళీ గతుకొస్తోంది."

ఫ్యాక్టరీ గేటు ముందు దిగేసరికి తొమ్మిదీ ముప్పై అయిదు. అల్లుడు నోట్లు ఆవిడ చేతిలో పెట్టి, చెక్కపెట్టె దింపి, వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రీగారు బండి దిగలేదు. దిగకపోగా ముందు సీట్లోకి మారారు. ఒళ్ళో తోలుచుట్ట పరిచి ఉంది.

"మామయ్యా! మీరు రాకపోతే మిషను తిప్పేదెవరు?"

"పదింటికి కదా. ఇరవై అయిదు నిమిషాలుంది."

"అక్కడ పదకొండుమంది మన మీద కళ్ళు పెట్టుకొని కూర్చున్నారు!"

"ఇక్కడ ఒకావిడ కూర్చుంది. ఏమైందో అడుగు."

"ఏమవుతుంది? అందరూ చెప్పిందే చెబుతుంది!"

"అడగమన్నాను."

మేస్త్రీగారు గొంతు పెంచలేదు. కానీ షాపులో పెద్ద లేత్ ఆపమని చెప్పేటప్పుడు వాడే గొంతు అది. అల్లుడు అడిగాడు. ఆవిడ చెప్పుకొచ్చింది. అతను ఒక్కొక్క వాక్యం తెలుగులో అప్పజెపుతుంటే అతని గొంతులో వేగం తగ్గుతూ వచ్చింది.

మిషను కదలకుండా ఉంటే బాగానే వెలుగుతుంది. బండి అదిరినా, చేత్తో అందించినా ఎప్పుడు ఆరిపోతుందో తెలియదు. కార్డు పెట్టి సగం పని అయ్యాక ఆరిందంటే మళ్ళీ మొదటికొస్తుంది. టాక్సీ కంపెనీ ఆఫీసులో మూడుసార్లు పరీక్ష చేశారు. మూడుసార్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. నోట్లకోసం ఈవిడే అబద్ధమాడుతోందని రాసేశారు. ప్రయాణికులు కూడా అదే అని మూడు ఫిర్యాదులిచ్చారు. ఇంకొక్కటి వస్తే బండి తాళాలు ఇచ్చెయ్యాలి. అందుకే ఎక్కకముందే అందరికీ చెప్పేస్తోంది. చెబితే ఎవరూ ఎక్కడంలేదు.

"ఆఫీసులో ఎక్కడ పెట్టి పరీక్ష చేశారట?" అన్నారు మేస్త్రీగారు.

"బల్ల మీదట."

"అదీ సంగతి. బల్ల గతుకుల్లో పోదుగా!"

ఆయన వేళ్ళు కదిలాయి. "లోపలి పెట్టె ముట్టుకోకూడదు. దొంగల భయంతో దానికో కట్టుదిట్టం ఉంటుంది, విప్పితే చచ్చి ఊరుకుంటుంది. బ్యాటరీ మూత వరకే మన హక్కు" అంటూ మూత తీశారు. బ్యాటరీని వేలితో కదిపి, చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఇదిగో. వెంట్రుకవాసి ఆడుతోంది. రేకులు కూడా చదునైపోయాయి." పట్టకారుతో రెండు రాగిరేకుల్ని గోరంత పైకి లేపారు. రబ్బరుతో రుద్ది మెరుగుపెట్టారు. "దళసరి కాగితం ఏదైనా ఉందా?"

అల్లుడి దగ్గర ఉన్నవి రెండే. ఒకటి ఆరు పేర్లు రాయని ఆ కాగితం, అది పల్చన. రెండోది ఈ ప్రయాణం కోసం ప్రత్యేకంగా అచ్చు వేయించిన విజిటింగ్ కార్డు, బంగారురంగు అక్షరాలు. అల్లుడు నిట్టూర్చి అదే ఇచ్చాడు. మేస్త్రీగారు దాన్ని వేళ్ళతో నొక్కి చూసి, "మంచి సరుకు. ఇన్నాళ్ళూ ఊరికే పంచిపెట్టావు" అని, 'మేనేజింగ్ పార్ట్‌నర్' అన్న మేర కత్తిరించి, మడిచి, బ్యాటరీ కింద దోపి, మూత బిగించారు.

అరచేతి మీద మూడు దెబ్బలు కొట్టారు. లైటు ఆరలేదు.

"అయిపోయింది! పదండి!" అన్నాడు అల్లుడు.

"ఏమైపోయింది? ఇదీ బల్ల పరీక్షే. గతుకు మీద చూడాలి." ఆవిడకేసి తిరిగి చేత్తో చూపించారు. "నడుపమ్మా. వెనక్కి, ముందుకి."

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక స్పీడ్ బ్రేకరు ఉంది. చెక్కపెట్టె మీద చతికిలబడి అల్లుడు చూస్తూనే ఉన్నాడు. టాక్సీ దాని మీంచి ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, ముందుకెళ్ళింది. ప్రతి ఎగురుకూ మేస్త్రీగారి తల టాపుకు తగిలేంత పైకి లేస్తోంది, రెండు చేతుల్లో మిషను మాత్రం దీపంలా నిలిచి ఉంది. గేటు కాపలామనిషి బయటికొచ్చి ఎవర్ని ఆపాలో తెలియక ఊరుకున్నాడు. ఆరోసారి బండి ఆగింది. తొమ్మిదీ యాభై రెండు.

"ఇప్పుడు నోట్లు వెనక్కి తీసుకో అల్లుడూ. కార్డుతో కట్టు. చీటీ బయటికొస్తే గాని పని అయినట్టు కాదు."

చీటీ వచ్చింది. ఆవిడ దాన్ని చింపి, వెలుతురుకు ఎత్తి, చెక్కు చూసినట్టు చూసింది. బాగుచేసినందుకు ఎంతివ్వమంటారని అడిగింది.

"ఏమొద్దని చెప్పు. ఇది అతుకే, మూణ్ణెల్లు ఆగుతుంది. ఈలోగా కొత్త బ్యాటరీ అడగమను. ఆఫీసులో బల్ల మీద చూస్తామంటే ఒప్పుకోవద్దను. బండిలో కూర్చోబెట్టి తిప్పమను."

అల్లుడు చెప్పాడు. ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా చూడ్డానికి వాళ్ళకు వ్యవధి లేదు. ఇరవై రెండు కిలోల పెట్టె చెరోవైపు పట్టుకొని మామా అల్లుళ్ళు పరుగు తీశారు. మేనేజరమ్మ గది తలుపు తట్టేసరికి గోడ గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీద వాలడానికి ఒక్క గీత దూరంలో ఉంది. ఆవిడ గడియారం వంక చూసి, వీళ్ళ చెమట వంక చూసి, లోపలికి రమ్మంది.

గదిలో పొడుగాటి బల్ల. ఇంతవరకు చూసిన వాటన్నిటికంటే నున్నగా ఉంది. అల్లుడు పెట్టె దాని మీదికెత్తబోయి ఆగాడు.

"మేడమ్, ఇక్కడ వద్దు. మీ సీసాల లైను దగ్గర చూపిస్తాం. లైను నడుస్తుండగా."

మేనేజరమ్మ కనుబొమ లేచింది. "అక్కడ నేలంతా అదురుతుంది."

"అందుకేనండి."

మేస్త్రీగారికి ఇంగ్లీషు రాదు. కానీ అల్లుడి చెయ్యి బల్ల మీంచి వెనక్కి రావడం చూశారు. కొత్త పనివాడు మొదటిసారి మర సరిగా కోసినప్పుడు చూసే చూపు ఒకటుంది ఆయనకు. ఆ చూపు చూశారు.

లైను దగ్గర నేల నిజంగానే అదురుతోంది. మిషను మొదలైంది. మూడో సీసా మూత వదులుగా పడింది. ఏడోది కూడా. మేస్త్రీగారు మిషను ఆపి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కళ్ళు మూసుకున్నారు. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టి, ఒక నట్టు పావుచుట్టు బిగించి, మళ్ళీ తిప్పారు. ఆ తరవాత వచ్చిన సీసాల్ని మేనేజరమ్మ తనే తలకిందులు చేసి చూసింది. తొంభై సీసాలు. చుక్క కారలేదు.

"బాగుంది" అందావిడ. "ఇది పాడైతే?"

అల్లుడి నాలిక చివర ఆ పాత జవాబు ఎప్పట్లాగే సిద్ధంగా ఉంది. మింగేశాడు.

"పాడవుతుందండి. ఇందాక రెండు మూతలు మీరే చూశారు. పాడైందని మీ పనివాడు చెబితే మేం ముందు అతని మాట నమ్ముతాం. పని అక్కణ్ణించి మొదలుపెడతాం. బల్ల మీద బాగానే ఉందే అని వాదించం."

లైను నడిపే ముసలాయన పక్కనే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. మేనేజరమ్మ వాళ్ళ భాషలో ఆయనకు ఈ మాట చెప్పింది. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ ఫక్కున నవ్వింది.

"ఏమంటున్నారండి?" అన్నాడు అల్లుడు.

"ఇరవై ఏళ్ళుగా ఈ మాట నాతో ఒక్కడూ అనలేదు, వీళ్ళని వదలొద్దు అంటున్నాడు."

ముందు నాలుగు మిషన్లు. ఆర్నెల్లు చూసి మిగతావి. నాలుగంటే వర్క్‌షాపులో ఈ ఆర్నెల్లూ ఎవరూ ఇంటికి పోనక్కర్లేదు. మేనేజరమ్మ సంతకం పెట్టి, తన ఊరికి తను వెళ్ళిపోయింది.

మామా అల్లుళ్ళు గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. అల్లుడు ఆ పల్చటి కాగితాన్ని జేబులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాడు. ముక్కల్ని జేబులో కుక్కి, అప్పుడడిగాడు:

"మామయ్యా, ఒక మాట. ఆ మొదటి డ్రైవరు అబద్ధమాడాడని మీకు నిజంగా తెలియదా?"

మేస్త్రీగారు పట్టకారు తుడుచుకుంటున్నారు. "ఎందుకు తెలీదు? బ్యాటరీ వెచ్చగా ఉంది. చీటీ కాగితం అంచు అప్పుడే చింపినట్టుంది. మన ముందు ఎవరో కార్డుతోనే కట్టి దిగారు."

"మరి ఆ దుమ్మూ, ఆ తుడవడం, ఎండలో పెట్టకూ అనడం…"

"నువ్వు అబద్ధమాడుతున్నావని మొహం మీద అన్నామనుకో. మనిషి పౌరుషానికి పోతాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోడానికి ఇంకో నాలుగు ఆడతాడు. అదే మిషను బాగైందనుకో, అతనికీ పరువు మిగులుతుంది, మనకీ పని అవుతుంది." పట్టకారును తోలుచుట్టలో దోపారు. "పైగా పదిమందిలో తొమ్మిదిమంది అబద్ధమే ఆడనీ. చూడకుండా పోతే ఆ పదోమనిషి గతేం కాను?"

అల్లుడు తలూపాడు. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగిపోయాడు. నిరుటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

నిరుడు వానాకాలం. ఒక శనివారం పొద్దున్నే దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి, మామగారికి ఫోన్ చేసి, "స్కూటర్ పాడైంది మామయ్యా, ఇవాళ వర్క్‌షాపుకు రాలేను" అన్నాడు. మళ్ళీ నిద్రపోబోతుంటే తలుపు చప్పుడు. మేస్త్రీగారు, నెత్తిన ప్లాస్టిక్ సంచి, ఒళ్ళంతా వాన. మెట్ల కింద స్కూటరు పక్కన గంటసేపు గొంతుక్కూర్చొని, ఏవేవో విప్పి, తుడిచి, బిగించి, "ప్లగ్గులో మసి. నీ తప్పేం లేదు. వానలో రాకు, సోమవారం రా" అని తడుస్తూ వెళ్ళిపోయారు. "మీ నాన్నంత అమాయకుడు భూమ్మీద లేడే" అని అల్లుడూ అమ్మాయీ వారం రోజులు నవ్వుకున్నారు.

"మామయ్యా…" అన్నాడు అల్లుడు. "నిరుడు… నా స్కూటరు…"

మేస్త్రీగారు తోలుచుట్ట చుట్టి, తాడు కట్టి, ముడి సరిచూసుకున్నారు. కళ్ళజోడు పైనుంచి అల్లుణ్ణి ఒకసారి చూసి, అటు రోడ్డు మీద వస్తున్న టాక్సీకి చెయ్యి ఊపుతూ అన్నారు:

"ప్లగ్గులో మసి ఉందిగా అల్లుడూ!"